బోర్లా పడుతున్నాడా, పాకుతున్నాడా?

పసిపిల్లాణ్ణి ఎత్తుకుని ఎవరింటికైనా వెళ్తే "ఎన్నో నెల?" అని అడిగేవాళ్ళు కొందరు, "బోర్లా పడుతున్నాడా?" అని అడిగేవాళ్ళు కొందరు. రెండో రకం వాళ్ళు రాను రాను తగ్గిపోతున్నారు. నాకు మాత్రం వాళ్ళు అడిగేదే అసలు ప్రశ్న అనిపిస్తుంది, తెలుగు కూడా వాళ్ళ పక్షమే.

మా అక్కకి కూతురు పుట్టాక ఫోన్లో ఒక యాప్ వేసుకుంది. అది వారం వారం "మీ పాపకి ఇన్నో వారం, ఈపాటికి ఇది చేస్తూ ఉండాలి" అని ఒక నోటిఫికేషన్ పడేసేది, అది చూసి పాప ఇంకా ఆ పని చెయ్యలేదని అక్కకి టెన్షన్. అదే సమయంలో అమ్మమ్మ ఫోన్ చేసి "మెడ నిలిచిందా?" అనేది. నిలిచిందంటే సరే అని వేరే కబుర్లలోకి వెళ్ళిపోయేది. ఇంకొన్నాళ్ళకి "బోర్లా పడిందా?", తర్వాత "కుదురుగా కూర్చుంటోందా?", ఆ తర్వాత "దోగాడుతోందా?" పాప ఏ తేదీన పుట్టిందో అమ్మమ్మకి ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు, అడిగితే ఫలానా పండగకి అటూ ఇటూ అంటుంది, కానీ పాప ఎంతవరకు వచ్చిందో మాత్రం మా అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

గమనిస్తే మొదటి ఏడాదికి మన దగ్గర ఉన్న మాటలన్నీ పిల్లలు చేసే పనుల పేర్లే. మెడ నిలపడం, ఊ కొట్టడం, కేరింతలు కొట్టడం, బోర్లా పడటం, పాకడం, కూర్చోవడం, దోగాడటం, పట్టుకుని నిలబడటం, తప్పటడుగులు వెయ్యడం. వీటిని వరసగా చదివితే ఏడాది మొత్తం కళ్ళముందు కదులుతుంది, మధ్యలో ఒక్క అంకె కూడా లేకుండా. దీనికి ఒక పాటలాంటి లెక్క కూడా ఉంది కదా, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు అని. అక్కడ వంటకం కంటే ప్రాస ముఖ్యం. బోర్లాకి బొబ్బట్లు, అడుగుకి అరిసె, పలుకుకి చిలక అని కలిసిపోవడం వల్లే ఏ దశ తర్వాత ఏ దశో ఎవరూ రాసిపెట్టుకోకుండానే గుర్తుండిపోయింది.

పని చెయ్యడం మొదలెట్టక ముందు, అంటే మొదటి రోజుల్లో, బిడ్డకి పేర్లు ఉన్నాయి. నెత్తురుగుడ్డు, పసిగుడ్డు, పసికందు, పొత్తిళ్ళ బిడ్డ, పురిటి బిడ్డ. వీటన్నిట్లోనూ బిడ్డ ఏమీ చెయ్యదు, ఉంటుంది అంతే. పొత్తిళ్ళంటే చుట్టిపెట్టే గుడ్డలు, అంటే బిడ్డని గుడ్డని బట్టి గుర్తుపడుతున్నాం. వీటికంటే నాకు బాగా నచ్చేవి "రోజుల పిల్ల", "నెలల పిల్ల". ఎన్ని రోజులు, ఎన్ని నెలలు అన్నది అక్కడ లేదు, వయసు ఏ కొలతలో నడుస్తోందో మాత్రం ఉంది. "రోజుల పిల్లని పట్టుకుని అంత దూరం ప్రయాణం ఏంటే" అని ఎవరైనా తిడితే అది మూడో రోజా పదహారో రోజా అని ఎవరూ అడగరు, తిట్టు సరిగ్గానే తగులుతుంది.

ఆ తర్వాత చంటిపిల్ల. ఇది చన్ను నుంచి వచ్చిన మాట, అంటే పాలు తాగే బిడ్డ అని. ఇది కూడా మళ్ళీ పనే. అమరకోశంలో మనుష్యవర్గం దగ్గర పసిపిల్లకి ఇచ్చిన పేర్లు చూస్తే సంస్కృతం కూడా ఇదే దారిలో ఆలోచించినట్టు కనిపిస్తుంది: ఉత్తానశయ, డింభ, స్తనప, స్తనంధయి. స్తనప, స్తనంధయి అంటే మన చంటిపిల్లే. ఉత్తానశయ అంటే వెల్లకిలా పడుకుని ఉండేది, అంటే ఇంకా బోర్లా పడనిది! ఆ ఒక్క దశకి ఒక పేరు పెట్టుకున్నారు చూడండి. ఇక డింభ అనగానే మనకి మాంత్రికుడి కేకే చెవుల్లో మోగుతుంది గానీ డింభకుడంటే పాపం పసివాడే, తిట్టు కాదు.

బోర్లా పడటం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దగ్గరుండి చూస్తే తప్ప ఆ మాట అంత కచ్చితమైనదని తెలియదు. మా మేనకోడలు ముందు ఒక కాలు ఎత్తి పక్కకి వేసేది, నడుము తిరిగేది, తల తిరిగేది, కానీ కిందవైపు చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయేది. ఆ చెయ్యి ఎలా లాక్కోవాలో తెలియక మొహం ఎర్రగా చేసుకుని, తల పైకెత్తి, పరుపులో ముక్కు గుచ్చి, చివరికి గుక్కపట్టి ఏడ్చేది. తీసి వెల్లకిలా వేస్తే మళ్ళీ అదే పని, ఇంకా ఏడుపు ఆగకముందే. కొన్నాళ్ళకి చెయ్యి బయటికి వచ్చింది, ఏడుపు పోయింది, కానీ మళ్ళీ వెల్లకిలా తిరగడం రాదు, కాబట్టి అక్కడే తాబేలులా తల ఎత్తుకుని చుట్టూ చూస్తూ ఉండేది. ఇందులో "తిరగడం" కంటే "పడటం" అన్న మాటే సరిపోతుంది. ఆ వయసులో అది తిరుగుడు కాదు, పడటమే, తర్వాత ఏం చెయ్యాలో తెలియని పడటం.

పాకడం, దోగాడటం ఒకటే అనుకుంటాం, చాలా ఇళ్ళలో రెండింటికీ పాకడమనే వాడతారు కూడా. నేనైతే తేడా చూపిస్తాను. పాకడమంటే పొట్ట నేలకి ఆనించి జరగడం. పాము పాకుతుంది, తీగ పాకుతుంది, పిల్లా పాకుతుంది. దోగాడటమంటే పొట్ట లేచి చేతులూ మోకాళ్ళ మీద నడవడం, ఈ మాట పిల్లలకి తప్ప ఇంకెవరికీ వాడగా నేను వినలేదు. అంబాడటం అని ఇంకో పాత మాట కూడా ఉంది, అదీ ఇదే. నడక రాకముందు జరగడానికే మూడు మాటలంటే మన పెద్దవాళ్ళు నేలమీద పిల్లల్ని ఎంతసేపు చూస్తూ కూర్చున్నారో అర్థమవుతుంది.

ఇక్కడ నెలల లెక్క వాళ్ళకి ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లల్ని వెంటబడి చూసి, ఆరు పనులకి వయసు హద్దులు కట్టి 2006లో బయటపెట్టింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. తనంతట తాను నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా. అంటే ఎనిమిది నెలలు దాటాక నడిచే పిల్లా ఉంది, ఏడాదిన్నరకి దగ్గర పడ్డాక నడిచే పిల్లా ఉంది, ఇద్దరూ బాగానే ఉన్నట్టు. ఈ రెంటి మధ్యా దాదాపు తొమ్మిదిన్నర నెలల తేడా, ఆ తేడా ఒక పసిపిల్ల మొత్తం ఆయుష్షంత! అదే అధ్యయనంలో నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు, కూర్చునే దశ నుంచి నిలబడే దశకి నేరుగా దూకేశారు. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, ఏ వయసుకి ఏ పని రావాలో చెప్పే తన జాబితా సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది కూడా. ఇదంతా చెప్పాక మా అక్క యాప్ తీసెయ్యలేదు గానీ నోటిఫికేషన్లు ఆపేసింది, నాకు అది చాలు. (పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోతే, లేదా వచ్చిన పని మళ్ళీ పోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, అక్కడ "మా వంశంలో అందరికీ లేటే" అనే మాట వినకండి.)

నడక దగ్గరికొస్తే మన భాష కాస్త మురిసిపోతుంది. బుడిబుడి అడుగులు, తడబడే అడుగులు, తప్పటడుగులు. ఈ చివరి మాట గతి చూడండి. పసిపిల్ల వేస్తే తప్పటడుగులు ముద్దు, ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని చప్పట్లు కొడతారు. అదే మాట పెద్దవాళ్ళకి వాడితే పరువు పోయినట్టే. పేపర్లో "తప్పటడుగు వేసిన యువకుడు" అని వచ్చిందంటే వాడు పోలీస్ స్టేషన్లో ఉన్నట్టు లెక్క. రెంటిలోనూ జరిగింది ఒకటే, కాలు పడాల్సిన చోట పడలేదు.

మాటలు రావడం గురించి కూడా ఇలాగే చెప్పొచ్చు గానీ త్వరగా దాటేస్తాను. ఉంగా ఉంగా, కేరింత, తర్వాత అత్త, తాత, ఆ తర్వాత వచ్చీరాని మాటలు. వీటి పక్కనే ఇంకో జాబితా ఉంది: బువ్వ, లాల, బజ్జో, జోజో, జేజి, బూచి. ఇవి పిల్లల మాటలని అందరూ అంటారు, కానీ ఇవి పిల్లలు కనిపెట్టినవి కావు, పిల్లల కోసం పెద్దవాళ్ళు తయారుచేసి పెట్టినవి. ప, బ, మ లాంటి పెదాల అక్షరాలు పిల్లల నోట ముందుగా పలుకుతాయి, కాబట్టి అన్నం బువ్వ అయింది. లాలపోసుకుందాం రా అని గొంతు మార్చి పిలిచేది ముప్పై ఏళ్ళ మనిషి. అన్నట్టు ఇంగ్లిష్ వాళ్ళ ఇన్‌ఫెంట్ లాటిన్ మాట, మాట్లాడలేనివాడు అని దానర్థం. అంటే ఒక భాష పసివాణ్ణి వాడు చెయ్యలేని పనిని బట్టి పిలిస్తే, మనం చేసే పనిని బట్టి చంటివాడు అన్నాం. నాకు మనదే న్యాయంగా కనిపిస్తుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నడక వచ్చాక, బడికి వెళ్ళే ముందు, ఆ ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య పిల్లని ఏమనాలి? ఇక్కడ మన దగ్గర ఖాళీ. చంటిపిల్ల అంటే ఒప్పుకోదు, అది పరిగెడుతోంది. చిన్నపిల్ల అంటే పదేళ్ళ పిల్ల కూడా చిన్నపిల్లే. పేపర్ల వాళ్ళు "రెండేళ్ల చిన్నారి" అంటారు, వాళ్ళకి చిన్నారి అంటే పుట్టిన దగ్గర్నుంచి పదేళ్ళ దాకా. ప్లేస్కూల్ బోర్డుల మీద టాడ్లర్ అని ఉంటుంది. అదీ బుడిబుడి నడిచేవాడు అనే, ఇంగ్లిష్ వాళ్ళు కూడా ఆ ఒక్క చోట పనిని బట్టే పేరు పెట్టారు. మనం మాత్రం అంతవరకూ అడుగడుగునా పేరు పెట్టుకుంటూ వచ్చి, సరిగ్గా వాడు పరుగు మొదలెట్టగానే వదిలేశాం. బహుశా వెనకాల పరిగెత్తడంలో పడి పేరు పెట్టే తీరిక లేకపోయిందేమో.

ఆ వయసుకి దగ్గరగా వచ్చే మాట ఒకటుంది గానీ అది వయసుని బట్టి కాదు: ఎడపిల్ల. ఇంట్లో ఇంకో చంటిపిల్ల వచ్చాక, దానికి పైబిడ్డ. నిన్నటిదాకా అమ్మ ఒడి దీనిది, ఇవాళ ఆ ఒడిలో ఇంకెవరో ఉన్నారు, పెద్దదా అంటే కాదు, చంటిదా అంటే అదీ కాదు. ఒక్క బిడ్డతో ఆగిపోయే ఇళ్ళు ఎక్కువయ్యాక ఈ మాటకి పని లేకుండా పోయింది, నేను చివరిసారి ఎవరి నోట విన్నానో కూడా గుర్తు లేదు.

ప్రాంతాన్ని బట్టి పిల్లల్ని పిలిచే తీరు మారుతుంది, పోరడు, గుంటడు, పిల్లకాయ, బుడ్డోడు, పిలగాడు అని. ఇవి వినడానికి ఎంత బాగున్నా దశలు చెప్పవు. మూడేళ్ళవాడూ పోరడే, పదమూడేళ్ళవాడూ పోరడే, కోపమొస్తే పాతికేళ్ళవాడూ పోరడే.

దశ చెప్పే ఇంకో మాట, నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది, ఊహ తెలియడం. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చెట్టు అక్కడే ఉంది" అంటాం. "ఊహ తెలియని వయసులోనే నాన్న పోయాడు" అంటాం. బోర్లా పడటం, నడవడం అందరికీ కనిపిస్తాయి. ఊహ తెలియడం ఎవరికీ కనిపించదు. ఏ తల్లీ ఫోన్ చేసి "మా వాడికి నిన్న ఊహ తెలిసిందమ్మా" అని చెప్పదు. ఏళ్ళు గడిచాక, ఆ పిల్లాడే పెద్దవాడై, వెనక్కి తిరిగి చూసి, అదిగో అక్కడి నుంచి నాకు తెలుసు అని చెప్పుకోవాల్సిన దశ ఇది. పెద్దవాళ్ళని మీకు గుర్తున్న మొదటి సంగతి ఏంటని అడిగితే చాలామంది మూడు, మూడున్నరేళ్ళప్పటిది చెప్తారని మనస్తత్వ శాస్త్రం వాళ్ళు అంటారు, అంతకుముందువి నిలవవు. అంటే మన కేరింతలు, బోర్లా పడటాలు, తప్పటడుగులు, ఇంతసేపూ చెప్పిన ఆ మొత్తం వరస ఊహ తెలియకముందే అయిపోతుంది. ఏ పనులకైతే మనం ఇన్ని పేర్లు పెట్టుకున్నామో అవి చేసిన మనిషికి ఒక్కటీ గుర్తుండదు, చూసినవాళ్ళకే గుర్తుంటాయి. అందుకేనేమో ఆ పేర్లన్నీ చూసేవాళ్ళ వైపు నుంచే ఉంటాయి. నా మొదటి జ్ఞాపకం ఒక మెట్టు, ఆ మెట్టు మీద తడి, నా పాదం దాని మీద జారడం. అది నిజంగా నాదో, ఇంట్లో పదిసార్లు చెప్పగా విని నాదనుకున్నదో ఇప్పుడు తేల్చలేను.

కొన్ని మాటలు ఉన్నాయి, వినడానికి లేతగా ఉంటాయి గానీ వాటిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. ముక్కుపచ్చలారని, అభం శుభం తెలియని, పాలుగారే. ఇవి ఇంట్లో పిల్లల గురించి ఎవరూ అనరు. పేపర్లో "ముక్కుపచ్చలారని" అని కనిపించిందంటే ఆ వాక్యం ఎక్కడ ఆగుతుందో చదవకుండానే తెలిసిపోతుంది. ఒక మాటని అలా ప్రమాదవార్తలకి రాసిచ్చేశాం, ఇక దాన్ని బారసాలలో వాడలేం.

బోసినోరు ఒక్కటే హాయిగా రెండు వైపులా తిరుగుతుంది. పళ్ళు రానివాళ్ళదీ బోసినవ్వే, పళ్ళు ఊడిపోయినవాళ్ళదీ బోసినవ్వే. ఆరో నెల అటూ ఇటూగా మొదటి పన్ను వస్తుంది, ఇరవై పాలపళ్ళు నిండేసరికి మూడేళ్ళ దగ్గర పడుతుంది, ఆరేళ్ళకి మళ్ళీ ఊడటం మొదలు. ముందు రెండు పళ్ళూ ఊడి స, శ పలకలేక గాలి వదిలే ఆ వయసుకి కూడా ఒక పేరుంటే బాగుండేది.

బడి వయసు దాటాక మన ఇంటి మాటలు పలచబడి సంస్కృతం రంగంలోకి దిగుతుంది, అక్కడి నుంచి తమాషా. పాత సంస్కృత లెక్కలో ఐదేళ్ళ వరకు కౌమారం, పదేళ్ళ వరకు పౌగండం, పదిహేను వరకు కైశోరం, ఆపైన యౌవనం. ఇప్పుడు బడి పుస్తకాల్లో కౌమారదశ అంటే గొంతు మారి మొటిమలు వచ్చే వయసు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ళు. పాత లెక్క ప్రకారం బుడిబుడి అడుగులు వేసేవాడి మాటని తెచ్చి మీసాలు వస్తున్నవాడికి అతికించారన్నమాట. అంగన్‌వాడీల్లో మాత్రం అదే వయసు ఆడపిల్లల్ని కిశోర బాలికలు అంటారు, అది పాత లెక్కకి దగ్గర. పౌగండం పాపం ఎక్కడా ఉద్యోగం దొరక్క మిగిలిపోయింది. చట్టానికి ఈ గొడవేమీ లేదు, పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళంతా పిల్లలే, అందుకే ఆరడుగుల పదిహేడేళ్ళవాడు కూడా వార్తల్లో "మైనర్ బాలుడు".

ఇంట్లో ఈ మాటలేవీ నడవవు. ఇంట్లో ఉన్నవి నూనూగు మీసాలు, తెలిసీ తెలియని వయసు, ఎదిగీ ఎదగని వయసు. చివరి రెండూ ఒకటే సంగతి చెప్తాయి, అవునో కాదో మాకే తెలియదని. ఆడపిల్లకి ఒక్క రోజులో పెద్దమనిషి అన్న పేరు వచ్చేస్తుంది, పన్నెండేళ్ళకో పదమూడేళ్ళకో, ఇంకా బొమ్మ కోసం చెల్లితో కొట్టుకునే వయసులో. మగపిల్లాడికి అలాంటి రోజే లేదు, వాడు ఎప్పుడో సంపాదించడం మొదలెట్టాక చేతికందొచ్చిన కొడుకవుతాడు. ఒకరికి ఒంటిని బట్టి, ఒకరికి జీతాన్ని బట్టి. ఇది మాత్రం నాకు మింగుడు పడదు, మొదటి ఏడాదిలో అంత న్యాయంగా, ఆడా మగా తేడా లేకుండా పాకితే పాకినట్టు నడిస్తే నడిచినట్టు చెప్పిన భాష ఇక్కడికొచ్చేసరికి ఇలా చీలిపోయింది.

మా పెద్దక్క కొడుకు ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నాడు. కౌమారం అంటే నవ్వుతాడు, కిశోరం అంటే ఎవరి పేరు అంటాడు, పిల్లాడా అంటే మూతి ముడుస్తాడు. ఇంట్లో వాడికి రెండు పేర్లు నడుస్తున్నాయి. గ్యాస్ బండ లోపల పెట్టాలంటే "నువ్వు పెద్దాడివి కదా", స్నేహితులతో రాత్రి సినిమాకి వెళ్తానంటే "చిన్నపిల్లాడివి, ఊరుకో". మొన్న రెండూ ఒకే సాయంత్రం పడేసరికి వాడు వాళ్ళమ్మ దగ్గరికి వచ్చి, ఏదో ఒకటి తేల్చి చెప్పమని, తేల్చేదాకా బండ ముట్టుకోనని గుమ్మంలో కూర్చున్నాడు. అక్క తేల్చలేదు. బండ నేనే మోశాను.